చుక్కల టీచరు చెవితో వేసిన మార్కులు

ఆ బడిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. పిల్లలకూ, వాళ్ళ అమ్మానాన్నలకూ, చివరికి గేటు దగ్గర వాచ్‌మన్‌కూ ఆమె చుక్కల టీచరే. ఎనిమిదో తరగతికి సోషల్ చెప్పేది, ఆ తరగతి మంచిచెడ్డలు కూడా ఆమే చూసుకునేది. ఆమె మార్కుల రిజిస్టరు తెరిస్తే ఒక్కో పేరు పక్కన అంకెలకంటే చుక్కలే ఎక్కువ కనబడేవి. అంకె పైన ఎర్రచుక్క పెడితే ఇంటిపని చెయ్యకుండా వచ్చాడని. అదే చుక్క కింద పెడితే పొద్దున్న ఏమీ తినకుండా వచ్చాడని. నీలం చుక్క ఉంటే ఇంట్లో ఏదో గొడవ, ఆ రోజు కదిలించకూడదని. ఆకుపచ్చది అరుదు. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల తనంతట తాను చెయ్యెత్తి జవాబు చెబితేనే ఆ పెన్ను బయటికి వచ్చేది. ఈ చుక్కల భాష ఆమెకు తప్ప ఎవరికీ రాదు. ఒకసారి తనిఖీకి వచ్చినాయన ఆ రిజిస్టరు తిరగేసి, దీనికి తట్టుగానీ పోసిందా అని అడిగి వెళ్ళాడు.

చుక్కల టీచరు ముక్కుసూటి మనిషి. మనసులో మాట కడుపులో దాచుకుంటే అరగదు ఆమెకు. ఆమె భర్త అందుకు పూర్తిగా వ్యతిరేకం. ఆయన వాచీలు బాగుచేస్తాడు. బడికి రెండు వీధుల అవతల, ఇద్దరు నిలబడితే మూడోవాడు బయట ఉండాల్సినంత దుకాణం ఆయనది. పొద్దస్తమానం కంటికి భూతద్దం తగిలించుకుని, ఆవగింజంత మరలతో మాట్లాడుకుంటూ కూర్చుంటాడు. ఇంట్లో మాటలన్నీ ఆమెవి, ఊకొట్టడం ఆయనది. ఆ లెక్కన ఇరవై ఏళ్ళకు పైగా సంసారం సాఫీగానే సాగింది.

అలాంటి రోజుల్లో బడికి మార్కుల సాఫ్ట్‌వేరు వచ్చింది. ఇకమీదట మార్కులు, హాజరు అన్నీ కంప్యూటర్లోనే ఎక్కించాలని పెద్దమేడం స్టాఫ్‌రూములో చెప్పి, దాన్ని ఎలా వాడాలో చూపించే పని ప్లగ్గు మాస్టారికి అప్పగించారు. ఆయన కంప్యూటరు మాస్టారు. ఎవరు ఏ ఇబ్బంది చెప్పుకున్నా ముందుగా "ప్లగ్గు పెట్టారా?" అని అడుగుతాడు గనక ఆ పేరు పడింది. పదిసార్లలో ఏడుసార్లు ప్లగ్గే పెట్టి ఉండదు గనక ఆ పేరు నిలబడింది. నెమ్మదస్తుడు, నలుగురిలో మాట్లాడాలంటే చెమటలు పడతాయి.

ఆ రోజు చెమటలు తుడుచుకుంటూనే, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడు. ప్రతి పిల్లకూ ఒక వరస. ప్రతి పరీక్షకూ ఒక గడి. అంకె కొడితే చాలు, కూడికలూ సగటులూ అదే చేసుకుంటుంది. అమ్మానాన్నలు ఇంటి దగ్గరే ఫోనులో చూసుకోవచ్చు.

చుక్కల టీచరు లేచి నిలబడింది.

"అంతా బాగుంది మాస్టారూ. పిల్ల తిని వచ్చిందో ఏడ్చి వచ్చిందో రాయాలంటే ఏ గడిలో రాయాలి?"

ఆయన తెరవంక చూశాడు, చేతిలో మౌసు వంక చూశాడు.

"గడులు నింపడమే చదువైతే మేమంతా ఎందుకండీ? గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాణ్ణి ఒకణ్ణి పెట్టుకుంటే సరిపోతుంది" అంది ఆమె. స్టాఫ్‌రూమంతా గొల్లుమంది. ప్లగ్గు మాస్టారి చెవులు కందగడ్డలయ్యాయి. ఆయన వైర్లు చుట్టుకుని వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళంతా ఆ వారమే కంప్యూటరుకు మారారు. చుక్కల టీచరుకు మాత్రం సీనియారిటీని బట్టి అర్ధసంవత్సరం పరీక్షలు అయ్యేదాకా రిజిస్టరు ఉంచుకోనిచ్చారు. గెలిచానన్న సంతోషంతో ఆమె ఆ సాయంత్రం భర్తకు ఈ కథంతా నటించి మరీ చూపించింది.

ఆ తరవాత కొద్దిరోజులకు, కొత్త రిజిస్టరులో గీతలు వంకరగా అచ్చయ్యాయని బడి గుమాస్తా మీదికి వెళ్ళింది. ఇంత వంకర పుస్తకం ఎలా కొన్నావని నిలదీసింది. గుమాస్తా బిక్కమొహం వేసి, స్కేలు తెచ్చి గీత మీద పెట్టి, చూడండి టీచర్, తిన్నగానే ఉంది కదా అన్నాడు. ఆమె చూసింది. స్కేలు కూడా వంకరగానే కనబడింది.

కళ్ళజోడు మార్చింది. మార్చినా అంతే. తలుపు గడప మధ్యలో వంగినట్టుంటుంది. ఎదురుగా ఉన్న మనిషి చెవులు కనబడతాయి, భుజాలు కనబడతాయి, మొహం ఉండాల్సిన చోట మసక. చివరికి భర్తను వెంటబెట్టుకుని పెద్ద కంటి ఆస్పత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ రకరకాల దీపాలు వేసి చూసి, నిదానంగా చెప్పింది. రెండు కళ్ళలోనూ నడిమధ్య చూపు అరిగిపోతోంది. దీనికి ఆపరేషను లేదు, మందులతో తిరిగి రాదు. పూర్తిగా చీకటి మాత్రం కాదు, అంచుల్లో చూపు నిలుస్తుంది. నడవగలరు, పనులు చేసుకోగలరు. చిన్న అక్షరాలు, మొహాలు, వీటితోనే కష్టం.

ఒక టీచరు బతుకులో చిన్న అక్షరాలూ మొహాలూ తీసేస్తే మిగిలేదేమిటో ఆ డాక్టరమ్మకు తెలియకపోవచ్చు. బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ ఆమె నోరు మెదపలేదు. ఆ రోజు మాటలన్నీ భర్తవే అయ్యాయి. బస్సు ఎక్కడెక్కడ ఆగిందో, ఎవరు ఎక్కారో ఎవరు దిగారో, అలవాటు లేని నోటితో చెబుతూనే ఉన్నాడు. ఇల్లు చేరాక తన భూతద్దం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

దాంతో చూస్తే ఒక్కో అక్షరం గుమ్మడికాయంత కనబడేది. కానీ మాట చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయేది. ఒక్క జవాబుపత్రం చదవడానికి తలప్రాణం తోకకొచ్చేది. అప్పుడు ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఆదివారం మధ్యాహ్నాలు దుకాణం షట్టరు సగం దించి, ఆయన జవాబులు చదివేవాడు, ఆమె విని మార్కు చెప్పేది, ఆయన పైన వేసేవాడు. ఊకొట్టడం తప్ప ఎరగని మనిషికి అభిప్రాయాలు పుట్టుకొచ్చాయి.

"వీడు నదిని కొండెక్కించాడే" అనేవాడు.

"ఎక్కిస్తే ఎక్కించాడు. ఎన్నో ప్రశ్నో చెప్పండి."

"పాపం, చేతిరాత ముత్యాల్లా ఉంది. ఇంకో మార్కు వెయ్యరాదూ?"

"ముత్యాలకు మార్కుల్లేవు. తరవాత చదవండి."

బడిలో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంటికి పంపేస్తారని ఆమె భయం. ఇంతకాలం ఒకరిచేత వేలెత్తి చూపించుకోకుండా బతికిన మనిషి, ఇప్పుడు నలుగురూ అయ్యోపాపం అంటే తట్టుకోలేదు. పిల్లల్ని గొంతుతో గుర్తుపట్టడం నేర్చుకుంది. చెప్పులీడ్చుకుంటూ వచ్చేదెవరో, ముక్కు చీదేదెవరో, జవాబు చెప్పేముందు గొంతు సవరించుకునేదెవరో అన్నీ పట్టేసింది. ఎవరినైనా తేరిపార చూడాలంటే తల కాస్త పక్కకు తిప్పాలి, అప్పుడు కంటి అంచుకు మనిషి చిక్కుతాడు. ఆ చూపు కిటికీ మీద పడేది. కిటికీ పక్కన కూర్చున్న బెంచీవాళ్ళు, టీచరుకు మా మీదే ఎందుకో కోపమని బెదిరి, ఆ ఏడాది బుద్ధిగా చదువుకున్నారు.

అర్ధసంవత్సరం పరీక్షలయ్యాయి. జవాబుపత్రాలు భర్త చదివిపెట్టాడు. కానీ మార్కులు రిజిస్టరులో ఎక్కించాలంటే బడిలోనే ఎక్కించాలి, రిజిస్టరు గేటు దాటకూడదన్నది నియమం. స్టాఫ్‌రూములో అందరి మధ్యా భూతద్దం బయటికి తీయలేక, కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని గబగబా రాసేసింది. నడుమ ఎక్కడో ఒక వరస జారింది. అక్కణ్ణించి కిందివరకూ ఒకరి మార్కులు ఇంకొకరికి పడ్డాయి. గుమాస్తా ఆ రిజిస్టరు చూసే ప్రోగ్రెస్ కార్డులు రాశాడు, కార్డులు ఇళ్ళకు వెళ్ళాయి. ఎక్కువ వచ్చినవాళ్ళెవరూ వచ్చి ఫిర్యాదు చెయ్యలేదు.

సోమవారం పొద్దున్నే ఒకావిడ వచ్చింది. సిటీ బస్సులో కండక్టరు, డ్యూటీ మారే నడుమ వచ్చినట్టుంది, యూనిఫారంలోనే ఉంది. వెనక బెంచీలో కూర్చునే పొడుగుపిల్ల తల్లి ఆమె. ఆ పొడుగుపిల్ల ఉలుకూ పలుకూ లేని పిల్ల, చదువులో మాత్రం ఎప్పుడూ ముందే ఉండేది. కార్డులో తప్పినట్టు పడింది.

"మా అమ్మాయి రాయలేదంటే రాయలేదనే చెప్పండి టీచర్, నేనేమీ అనుకోను" అంది కండక్టరమ్మ. "కానీ అది రాసిన కాగితం ఒకసారి నా కళ్ళకు చూపించండి. శుక్రవారం నుంచీ ముద్ద ముట్టడం లేదు. నాకు చదువు రాదని తేలిపోయింది, బడి మానేస్తానంటోంది."

బీరువాలోంచి కట్ట తీశారు. కండక్టరమ్మే వెతికి, కూతురి కాగితం బయటికి లాగి, పైన వేసిన మార్కు చదివింది. తరగతి మొత్తంలో పెద్ద మార్కు అదే. చుక్కల టీచరు రిజిస్టరు కూడా ఆమె ముందుకే జరిపి, ఇందులో ఏముందో కూడా మీరే చదవండమ్మా అని అడిగింది. కండక్టరమ్మ ఆశ్చర్యపోయి చదివింది. ఒక వరస, దాని కింద ఇంకో వరస. చదువుతుంటే ఎక్కడ జారిందో తేలిపోయింది.

గుమాస్తా మీదికి నెట్టేయొచ్చు. ఆ ఆలోచన రాకపోలేదు. వచ్చినంత వేగంగానూ పోయింది. ఆమె నేరుగా తరగతికి వెళ్ళి, కట్టలోని కాగితాలు ఎవరివి వాళ్ళకు ఇప్పించి, కార్డుల్లో పడ్డ మార్కులు తప్పని, ఆ తప్పు తనదని, తనొక్కదానిదేనని చెప్పింది. తరవాత, తల్లి వెంట వచ్చి వరండాలో నిలబడ్డ పొడుగుపిల్ల దగ్గరకు వెళ్ళింది. మార్కులు తప్పు పడ్డాయని ఒక్కసారి కూడా అనుమానం రాలేదా అని అడిగింది.

"లేదు టీచర్" అంది ఆ పిల్ల. "మీరు వేశారు కదా. నాకే రాలేదనుకున్నాను."

ఆ మాట ఆమెకు దిగిన చోట డాక్టరు చెప్పిన మాట కూడా దిగలేదు.

మధ్యాహ్నం పెద్దమేడం గదికి వెళ్ళి, తలుపు దగ్గరే నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పేసింది. చూపు పోతోందని, ఆరు నెలలుగా దాచానని, పిల్లలకు అన్యాయం జరిగిపోయిందని, రేపు రాజీనామా ఇస్తానని. అంతలో బల్ల కింద ఎవరో కదిలారు. ప్లగ్గు మాస్టారు. ప్రింటరు వైరు సరిచేయడానికి దూరినవాడు, మాటలు మొదలయ్యాక బయటికి రావడానికి మొహమాటపడి అక్కడే ఉండిపోయాడు. జుట్టునిండా బూజుతో లేచి నిలబడ్డాడు.

"నాకు ముందే తెలుసు మేడం" అన్నాడు చుక్కల టీచరుతో. "మీరు మనుషుల్ని పక్కకు తిరిగి చూస్తున్నారు. మా అన్నయ్య కూడా చూపు పోయేటప్పుడు ఇలాగే చూసేవాడు."

"తెలిసి చెప్పలేదేం?" అంది ఆమె.

"మీరు చెప్పని మాట నేనెలా చెబుతానండి?"

ఆయన పెద్దమేడం వైపు తిరిగి, రాజీనామా సంగతి వచ్చే వారం చూడమని, శనివారం మధ్యాహ్నం ఈమెను ఒకసారి కంప్యూటరు గదికి రానివ్వమని అడిగాడు. తనను అందరిలో నవ్వులపాలు చేసిన మనిషి కోసం ఆయన అంత మాట్లాడడం చూసి పెద్దమేడం వెంటనే సరేనన్నారు.

శనివారం ఆమె భర్త చెయ్యి పట్టుకుని వెళ్ళింది. కంప్యూటరు గదిలో ప్లగ్గు మాస్టారితోబాటు ఆయన అన్నయ్య ఉన్నాడు. ఆస్పత్రిలో టెలిఫోను ఆపరేటరు. ఇరవైల్లోనే చూపు తగ్గడం మొదలై, ముప్పై దాటేసరికి పూర్తిగా పోయిందట. తమ్ముడు ఎంత మెతకో అన్న అంత గట్టి గొంతువాడు.

"గుడ్డికన్ను తెరిచినా ఒకటే మూసినా ఒకటే అంటారు కదమ్మా" అన్నాడు కూర్చుంటూనే. "ఆ సామెత చెప్పినాయనకు చెవులున్నట్టు లేవు. మీకు ఉన్నాయి కదా?"

"ఉన్నాయండి."

"అయితే రండి. మావాడు వైర్లు చూసుకుంటాడు. పాఠం నేను చెబుతాను."

ముందు తెరను నల్లగా మార్చారు, అక్షరాలను తెల్లగా, అరచేయంత పెద్దగా చేశారు. ఆమె ఉన్న వరస మాత్రం పసుప్పచ్చగా వెలుగుతుంది, మిగతావన్నీ మసక. అంటే వరస జారే పనే లేదు. తరవాత చెవిలో తీగ పెట్టి, తెర మీద ఉన్నది చదివే ఒక గొంతు వినిపించారు. బాణం మీట నొక్కి ఒక పిల్ల దగ్గరకు వెళితే ఆ గొంతు నంబరూ పేరూ చదువుతుంది. మార్కు కొడితే మార్కు చదువుతుంది. యాభైకి పెట్టిన పరీక్షలో అరవై కొడితే ఒప్పుకోదు, మొండికేస్తుంది. ఆ గొంతు పిల్లల పేర్లు పలికే తీరుకు మాత్రం, ఆ పేర్లు పెట్టిన అమ్మమ్మలు వింటే లబోదిబోమంటారు. చుక్కల టీచరు మొదటి పేరు విని ఇదెవరని అడిగింది, రెండోది విని నవ్వింది, నాలుగో పేరు దగ్గర చాలా నెలల తరవాత పగలబడి నవ్వింది. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆమె భర్త ఆ నవ్వు విని, కిటికీ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

మీట మీద వేలు ఆనించి, మొదటి వరస నుంచి చివరి వరస దాకా అర్ధసంవత్సరం మార్కులు ఆ పూటే మళ్ళీ ఎక్కించింది. భర్త కాగితం చూసి చెబుతుంటే, ఆమె కొడుతుంటే, గొంతు తిరిగి చదువుతుంటే, ముగ్గురూ కలిసి ఒక్కటి కూడా తప్పు పోకుండా పూర్తిచేశారు. ఆమె ఇక లేవబోతుంటే, ఇంకో మీట ఉంది, అది కూడా నొక్కి చూడమన్నాడు ప్లగ్గు మాస్టారు. నొక్కితే గొంతు "గమనిక" అంది.

"ఇదేంటి?"

"మీరడిగిన గడి మేడం. తిని వచ్చిందో ఏడ్చి వచ్చిందో రాయడానికి."

ఆమె చేతులు ఒళ్ళోకి వచ్చేశాయి. ఆ రోజు మీటింగులో తను అన్న మాటకు క్షమించమని, అందరి ముందు అలా అని ఉండకూడదని చెప్పింది. ఆయన మామూలుగా అయితే ఫరవాలేదు మేడం అని సర్దుకుపోయే మనిషే. కానీ ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఆ రోజు బాధేసిందండి, లేదనను. ఇంటికెళ్ళి అన్నయ్యకు చెప్పుకున్నాను. ఆవిడ నిన్ను తిట్టడం సంగతి వదిలెయ్, అడిగిన ప్రశ్న మాత్రం సరైనదే అన్నాడు. వెతికితే ఆ గడి ఇందులో ముందునుంచీ ఉంది, తెరిచిపెట్టలేదంతే. ఆ మర్నాడే బడి మొత్తానికీ తెరిచాను."

అన్నగారు పక్కనుంచి, వీడికి తిట్లు పడితేగానీ బుర్ర పనిచెయ్యదని, అప్పుడప్పుడూ తిడుతూ ఉండమని చెప్పాడు.

రాజీనామా ఊసు మళ్ళీ రాలేదు. పెద్దమేడం డాక్టరు కాగితం తెప్పించుకుని చూసి, పైవాళ్ళకు రాసి, ఒక ఏర్పాటు చేశారు. మ్యాపుల కాగితాలు ఏడో తరగతి టీచరు దిద్దుతుంది, బదులుగా ఆమె పీరియడ్లలో ఒకటి చుక్కల టీచరు తీసుకుంటుంది. జవాబులు చదివిపెట్టే పనికి భర్తకు అనుమతి ఇచ్చారు. చేతిరాత చదివే విద్య ఆ గొంతుకు రాదు గనక ఆ ఉద్యోగం ఆయనదే. అయినా ఆయన మాత్రం కొన్నాళ్ళు బుంగమూతి పెట్టుకున్నాడు. నేను చదివితే తరవాత చదవండి అని విసుక్కునేదానివి, దాన్ని మాత్రం ఒక్కమాట అనవేం అని.

అనకేం, అన్నది. మొదటి నెలంతా ఆమె ఆ గొంతును తిట్టని రోజు లేదు. ఒకసారి మీట తప్పు నొక్కితే సగం తరగతి మాయమైంది. ఇంకోసారి చెవిలో తీగ ఊడిపోయి, అది ఏం చదువుతోందో స్టాఫ్‌రూమంతా విన్నారు. పని రిజిస్టరుకంటే రెట్టింపు సమయం పట్టేది. అన్నగారికి ఫోను చేసి, నా వల్ల కాదని చెప్పేది. ఆస్పత్రి ఫోను మోగుతోందమ్మా, రేపు ఇదే మాట చెప్పండి అని ఆయన పెట్టేసేవాడు. మర్నాటికి ఆ మాట చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు. రెండో నెల సగానికి వచ్చేసరికి వేళ్ళు వాటంతటవే నడవడం మొదలుపెట్టాయి.

పిల్లలకు తనే చెప్పింది. నా కళ్ళకు మీ మొహాలు కనబడవు, అందుకని మాట్లాడేముందు పేరు చెప్పండి అంది. కిటికీ బెంచీ నుంచి ఒక గొంతు, అయితే మీకు మా మీద కోపం లేదా టీచర్ అని అడిగింది. అందరూ నవ్వారు. ఇంకొకరి పేరు చెప్పి మాట్లాడి ఆటపట్టిద్దామని ఒకరిద్దరు చూశారు. నోరు తెరవగానే ఆమె అసలు పేరుతో పిలిచేసరికి ఆ సరదా రెండు రోజుల్లో తీరిపోయింది.

గమనిక గడి మాత్రం ఆమె అనుకోని పని చేసింది. రిజిస్టరులో చుక్కలు ఆమెకొక్కదానికే అర్థమయ్యేవి. ఇప్పుడు మాటల్లో రాస్తే మిగతా టీచర్లూ చూస్తున్నారు. ఒక పిల్లవాడు తినకుండా వస్తున్నాడని ఆమె వరసగా రాస్తుంటే చూసి, వాడిని పొద్దున్నే మైదానం చుట్టూ పరిగెత్తించే ఆటల మాస్టారు అది మానేశాడు. మానేసి ఊరుకోలేదు, రోజూ తన టిఫిన్ డబ్బా వాడితో పంచుకోవడం మొదలుపెట్టాడు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, పిల్లవాడే చెప్పాడు. ఇన్నేళ్ళూ ఎర్రచుక్కలు పెట్టుకుంటూ పోయాను, ఎవరికైనా ఒక మాట చెబుదామని తోచలేదు కదా అనుకుంది ఆమె.

పొడుగుపిల్ల బడి మానలేదు. ఏడాది చివరి పరీక్షలో మార్కు ఎక్కించిన పావుగంటకే, చుక్కల టీచరు చెవిలో గొంతు, కొత్త సందేశం వచ్చిందని చెప్పింది. కండక్టరమ్మ బస్సు డిపోలో కూర్చుని ఫోనులో చూసుకుని రాసింది. పేరు సరిగ్గా పలకలేని ఆ గొంతే తడబడుతూ చదివింది. "మా పాప మార్కు చూశాను టీచర్. డిపోలో అందరికీ చూపించాను. డ్రైవరన్నకు కూడా చూపించాను. బస్సు కదిలే టైమైంది, ఉంటాను." చుక్కల టీచరు ఆ సందేశాన్ని రెండోసారి చదివించుకుంది. పక్కన కూర్చున్న ఏడో తరగతి టీచరు ఏమైందని అడిగితే, ఏం లేదు, బస్సు కదిలిందట అంది, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ.

సెలవులిచ్చిన మొదటి ఆదివారం అన్నదమ్ములిద్దర్నీ భోజనానికి పిలిచింది. పిలిచేటప్పుడే, మీకు నేను చెయ్యగలిగింది ఇంతకంటే ఏమీ లేదని చెబితే, అన్నగారు వంట ఎలా ఉంటుందో తిని చెబుతానన్నాడు. వచ్చారు. తిన్నారు. రెండోసారి అడిగి వడ్డించుకున్నారు. ప్లగ్గు మాస్టారు ఊరికే కూర్చోలేక, వంటింట్లో ఆరునెలలుగా వెలగని దీపం ఎందుకు వెలగడం లేదో చూసి వచ్చాడు. అన్నగారు చెయ్యి కడుక్కుని, మణికట్టు తడుముకుని, టైమెంతయిందని తమ్ముణ్ణి అడిగాడు. అది చుక్కల టీచరు భర్త చెవిన పడింది. వాచీ పెట్టుకుని టైము అడగడం ఆయనకు నచ్చదు.

చేతికి ఉన్నది పాత వాచీ. దాని అద్దం తలుపులా తెరుచుకుంటుంది, లోపలి ముళ్ళను వేలితో తడిమి టైము తెలుసుకోవచ్చు. నాలుగైదేళ్ళుగా వెనకబడుతోందని, ఇలాంటిది ఎవరూ ముట్టుకోవడం లేదని, అలవాటుకొద్దీ పెట్టుకుంటున్నానని చెప్పాడు అన్నగారు.

"ఒకసారి ఇటివ్వండి" అన్నాడు భర్త.

తీసుకుని గడప దగ్గర వెలుతురులో కూర్చున్నాడు. భూతద్దం తగిలించుకున్నాడు. వెనక మూత విప్పి లోపలికి చూసి, అరిగిపోయిన మర ఒకటి ఉందని, తన డబ్బాలో సరిపోయేది ఉండొచ్చని గొణిగాడు. డబ్బా తెచ్చి కాగితం మీద బోర్లించాడు. ఎవరూ తొందరపెట్టలేదు. చుక్కల టీచరు టీ పెట్టింది, టీ తాగారు, బడి కబుర్లు చెప్పుకున్నారు, నవ్వుకున్నారు. ఆయన మాత్రం తలెత్తలేదు. కొంతసేపటికి అందరికీ వినబడేలా టిక్కుటిక్కు మొదలైంది.

ఆయన లేచి వచ్చి, వాచీని అన్నగారి మణికట్టుకు తనే కట్టాడు. నోటికి మాట ఆలస్యంగా వచ్చే మనిషి, ఆ మాట కోసం కాస్త నిలబడ్డాడు.

"మా ఆవిడ మళ్ళీ మాట్లాడుతోందండి" అన్నాడు. "ఇల్లు ఇల్లులా ఉంది."

అన్నగారు అద్దం తెరిచి, చూపుడువేలితో ముళ్ళను తాకి, టైము గట్టిగా చెప్పాడు. చుక్కల టీచరు గోడ గడియారం వైపు తల పక్కకు తిప్పి చూసింది. సరిగ్గానే ఉంది.